నీళ్లు నిండుగా పోస్తే వేళ్లెందుకు కుళ్లాయి?

ప్రశ్న: పంపు, మోటారు లేకుండా ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పోషక ద్రావణం పోసి లెట్యూస్ ఆకుకూర పెట్టాను. తగ్గినప్పుడల్లా మూత దాకా నింపుతున్నాను. పది రోజులకే నీళ్లు పచ్చబడి, వేళ్లు గోధుమ రంగులో జిగురుగా తయారయ్యాయి. తప్పెక్కడ?

జవాబు: ఆ నింపడంలోనే ఉందండి! మీరు చేస్తున్నది మట్టి లేకుండా నీళ్లలో మొక్కలు పెంచే క్రాట్కీ పద్ధతి, హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ పేరు మీద వచ్చింది. ఇందులో పంపు ఉండదు కాబట్టి వేళ్లకు ఆక్సిజన్ అందేది నీటికీ మూతకూ మధ్య ఏర్పడే ఖాళీలోంచే. మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగుతుంది, పైన బయటపడిన వేళ్లు గాలి పీల్చడానికి అలవాటు పడతాయి, వాటిని మీరు మళ్లీ ముంచేస్తే ఊపిరాడక కుళ్లిపోతాయి. మొదట్లో మాత్రం నీళ్లు మొక్కను మూతలో నిలబెట్టే చిన్న బుట్ట అడుగును తాకాలి, ఆ తర్వాత వదిలేయండి. మరీ అడుగంటితే కొంచెం పోయండి, సగం వేళ్లు ఎప్పుడూ బయటే ఉండాలి.

పచ్చదనం నాచు వల్ల, దానికి కావలసింది వెలుతురు. డబ్బాకు నల్ల రంగు వేసి, నీళ్లు వేడెక్కకుండా దానిమీద తెల్ల రంగు వేయండి, లేదా అసలు వెలుతురు దూరని బకెట్ తీసుకోండి. ద్రావణం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు, రోజూ కొలుస్తూ టెన్షన్ పడక్కర్లేదు. ఇప్పుడున్న మొక్కని బతికించాలని తంటాలు పడకండి, డబ్బా శుభ్రంగా కడిగి కొత్త నారు పెట్టుకోవడమే నయం.