ఆర్కిటిక్ దాకా వెళ్లేది కెమిస్ట్రీ దారేనండీ

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండీ. నాలుగెకరాల రొయ్యల చెరువే ఆధారం. అమ్మాయి కెమిస్ట్రీ మేజర్‌తో బీఎస్సీ, రెండో ఏడు అయిపోవస్తోంది. ధ్రువాల దగ్గరి సముద్రాల్లో చేపలకీ, సీళ్లకీ ఎక్కే విషాలు వాతావరణం మారితే ఏమవుతాయో పరిశోధన చేస్తానంటోంది. మేం బీఈడీ చేయిద్దామనుకున్నాం. ఆ చదువు తిండి పెడుతుందా?

జవాబు: పెడుతుందండీ. కాకపోతే ఆలస్యంగా పెడుతుంది.

ముందు ఒక మాట. ఆ సబ్జెక్టు మీరనుకున్నంత దూరంలో లేదు. మీ నాన్నగారి కాలంలో వరి చేలల్లో చల్లిన బీహెచ్‌సీ పురుగుమందు పొడి గుర్తుండే ఉంటుంది. మన దేశంలో దాన్ని 1997లో నిషేధించారు. అలాంటి మందులు ఎండకు ఆవిరై, గాలి వెంట పోయి, చలి ఉన్నచోట దిగబడతాయి. వాటిలో చాలావాటికి నీటి కన్నా కొవ్వంటేనే ఇష్టం. నాచు నుంచి సన్న జీవాలకి, వాటి నుంచి ఆర్కిటిక్ కాడ్ చేపకి, ఆ చేప నుంచి సీలుకి, సీలు నుంచి ధ్రువపు ఎలుగుబంటికి మెట్టు మెట్టుకీ చిక్కబడుతూ పోతాయి.

ఇప్పుడు ఆ మెట్లే కదులుతున్నాయి. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. మంచులో ఏళ్ల తరబడి చిక్కుకున్న మందులు మళ్లీ నీళ్లలోకి వస్తున్నాయి. గడ్డకట్టిన నేల కరిగి, అందులోని పాదరసం నదుల్లో కలుస్తోంది. తిండీ మారుతోంది. తూర్పు గ్రీన్‌లాండ్‌లో మంచు తగ్గేకొద్దీ ఎలుగుబంట్లు అలవాటైన రింగ్డ్ సీళ్లను తగ్గించి, హార్ప్, హుడెడ్ సీళ్లను ఎక్కువ తింటున్నాయి. వీటిలో విషం ఎక్కువ. నిషేధాల వల్ల దక్కాల్సిన మేలులో కొంత అక్కడే పోతోంది. ఇంకోచోట తిండి మారి విషం తగ్గనూవచ్చు. అన్నిచోట్లా ఒకే లెక్క కుదరదు కాబట్టే కొలిచే మనుషులు కావాలి.

మనవాళ్లూ అక్కడున్నారు. గోవాలో జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో మన హిమాద్రి స్టేషన్ 2008 నుంచి నడుస్తోంది. అంటార్కిటికాలో మైత్రి, భారతి ఉన్నాయి. అయితే పోస్టులు తక్కువ. పెంగ్విన్ ఫొటో చూసి మనసు పారేసుకున్న పిల్లలు నా దగ్గరికి చాలామందే వస్తారు. వాళ్లకి నేను చెప్పేది ల్యాబు సంగతి.

ఇలాంటి విషాలు కొలిచే ల్యాబులో ఒక పూట కూర్చున్నాను. చేప ముక్క చుట్టడానికి అల్యూమినియం రేకును ముందే ఫర్నేసులో కాల్చి పెట్టుకున్నారు. రేకుకున్న జిడ్డు కూడా లెక్క తప్పిస్తుందట. ప్లాస్టిక్ సంచి దగ్గరికి రానివ్వలేదు. అక్కడున్న పీహెచ్‌డీ అమ్మాయి నేనున్నంతసేపూ చేసిన పని గాజు సీసాలు కడగడం, ఆరబెట్టడం. ధ్రువ పరిశోధన అంటే ముప్పాతిక వంతు ఇదే.

మీకు కలిసొచ్చే సంగతి ఇంకోటుంది. అక్కడ ఏ పదార్థం ఎంతుందో కొలవడానికి వాడే మాస్ స్పెక్ట్రోమీటర్ లాంటి మిషన్‌తోనే మీ రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలున్నాయేమో ఎగుమతికి ముందు చూస్తారు. ఆ మిషన్ మీద చెయ్యి తిరిగితే ధ్రువం దక్కకపోయినా భీమవరం నుంచి విశాఖ దాకా పని దొరుకుతుంది. అందుకే కెమిస్ట్రీ వదలొద్దని గట్టిగా చెబుతాను. పర్యావరణం అని పేరున్న ప్రతి కోర్సుకీ పరిగెత్తనివ్వకండి.

ఎమ్మెస్సీకి ఆంధ్రా యూనివర్సిటీ, కొచ్చిన్‌లో హైడ్రోకెమిస్ట్రీ చూడండి. ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి పెట్టే జామ్ పరీక్ష కూడా రాయించండి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె. పీహెచ్‌డీ అయిదేళ్లనుకోండి. పర్మినెంట్ ఉద్యోగం ముప్పై దాటాకే అనుకుని లెక్కేసుకోండి. బీఈడీ చేసి డీఎస్సీ నోటిఫికేషన్ కోసం కూర్చునే ఏళ్లు కూడా ఆ లెక్కలో కలిపి చూడండి మరి. ఆడపిల్ల అంత దూరమా అని భయపడకండి, ఆడవాళ్లూ వెళ్లొస్తున్నారు. అంటార్కిటికా వెళ్లేవాళ్లకి ముందు వైద్య పరీక్షలుంటాయి, ఔలీ మంచులో శిక్షణ ఇస్తారు.

ఈ వేసవిలో అమ్మాయిని మీ చెరువు నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబులో నెల రోజులు కూర్చోబెట్టండి. సీసాలు కడిగి కడిగి కూడా విసుగు పుట్టలేదంటే, వచ్చే ఏడు జామ్ ఫీజు కట్టేయండి.