మీ తోట – మా మాట: గుండ్రటి ఆకులు నిలవాలంటే

ప్రశ్న: ఇంగ్లాండ్‌లో రీడింగ్ దగ్గర ఉంటున్నాం. మూడేళ్ల కిందట నర్సరీలో వెండిరంగు గుండ్రటి ఆకులు చూసి ముచ్చటపడి యూకలిప్టస్ గన్నీ మొక్క తెచ్చి నాటాను. ఇప్పుడు పద్నాలుగు అడుగులు దాటింది. కింద అంతా బోడిగా ఉంది, పైన ఆకులు పొడుగ్గా, పచ్చగా మారిపోతున్నాయి. గాలి వీస్తే మొదలుకంటా ఊగుతోంది. మావారు ఈ అక్టోబరులోనే సగానికి కొట్టేద్దామంటున్నారు. చచ్చిపోతుందేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: కొట్టాల్సిందేనమ్మా, కానీ అక్టోబరులో వద్దు. ఫిబ్రవరి చివరిదాకా ఆగండి. గట్టి మంచు తగ్గి, చెట్టు ఇంకా చిగురు వేయని ఆ నాలుగు వారాలే దీనికి సరైన అదను. ఇప్పుడు కోస్తే, మధ్యలో వెచ్చటి రోజులు తగిలినప్పుడు లేత పిలకలు తొంగిచూస్తాయి. డిసెంబరు మంచుకు అవన్నీ మాడిపోతాయి. అంత నష్టం తట్టుకుని మళ్లీ చిగురించాలంటే చిన్న చెట్టుకు చాలా కష్టం.

మీరు ముచ్చటపడిన గుండ్రటి ఆకు ఈ చెట్టుకు చిన్నప్పటి ఆకు. కాడ లేకుండా, రెమ్మకు రెండు వైపులా ఎదురెదురుగా జతలు జతలుగా వస్తుంది. వయసు పెరిగే కొద్దీ కొడవలి లాంటి పొడుగాటి ఆకు, కాడతో, ఒకటి విడిచి ఒకటి వస్తుంది. ఇది రోగమూ కాదు, ఎరువు లోపమూ కాదు. మొదలుకంటా కోసినప్పుడు వచ్చే కొత్త పిలకలకు మాత్రం మళ్లీ ఆ చిన్నప్పటి ఆకే వస్తుంది. పూలకొట్లలో బొకేల కోసం ఈ రెమ్మలు పెంచేవాళ్లలో చాలామంది ఏటా చెట్టును నరికే పెంచుతారు.

చచ్చిపోతుందన్న భయం వద్దు. మాది ఖమ్మం జిల్లా. అక్కడ జామాయిల్ (అదీ యూకలిప్టసే) తోటలు నాలుగైదేళ్లకోసారి నేలమట్టంగా కోస్తారు, వాన పడితే చాలు మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. మీ గన్నీది టాస్మేనియా. కార్చిచ్చులకు అలవాటుపడ్డ జాతి. మొదలు దగ్గర మట్టి చేతివేళ్లతో కాస్త తీసి చూడండి. కాండం నేలను తాకే చోట ముడిలాగా ఉబ్బిన గడ్డ తగులుతుంది. నిద్రపోతున్న మొగ్గలూ, దాచుకున్న ఆహారమూ అందులోనే ఉంటాయి. పైది పోతే అది మేలుకుంటుంది. ఆ గడ్డను మాత్రం గాయపరచకండి.

ఇక కోత. పొద రూపం కావాలంటే నేల నుంచి జానెడు, మూరెడు మధ్యలో కోసేయండి. కింద బోడిగా ఉందన్నారు కాబట్టి మీకు నేను చెప్పేది ఇదే. చిన్న మానులా నిలబెట్టి పైన గుబురు కావాలంటే మీ తల ఎత్తులో కోసి, ఏటా అదే చోటికి తిరిగి కోయాలి. అయితే మీ చెట్టు మొదలే ఊగుతోందంటున్నారు. వేళ్లు ఇంకా పట్టు దొరకబుచ్చుకోలేదు. పై బరువు దించేస్తేనే వేళ్లు బలపడతాయి. ఊతకర్రకు కట్టి ఉంటే ఆ కట్టు కూడా విప్పండి. గాలికి కాస్త కదిలితేనే కాండం లావెక్కుతుంది. పదునైన చేతిరంపం వాడండి, నీళ్లు నిలవకుండా కోత కొంచెం ఏటవాలుగా ఉండాలి. దాని మీద పెయింటు, పేస్టు ఏమీ పూయక్కర్లేదు.

అసలు పని మే, జూన్‌లో ఉంది. చాలామంది ఇదే వదిలేస్తారు. మోడు చుట్టూ పిలకలు గుత్తులుగా వస్తాయి. చూడటానికి సంబరంగా ఉంటుంది, తుంచడానికి చెయ్యి రాదు. అయినా తుంచాలి. చుట్టూ ఎడంగా ఉన్న బలమైనవి మూడో నాలుగో ఉంచి, మిగతావి లేతగా ఉన్నప్పుడే బొటనవేలితో రుద్ది రాల్చేయండి. అన్నీ ఉంచితే ఒకదాన్నొకటి తోసుకుని సన్నగా సాగి, మొదటి గాలివానకే మోడు నుంచి ఊడివస్తాయి. ఉంచినవి వేసవి ముగిసేలోగా మనిషి ఎత్తుకు పోయినా ఆశ్చర్యం లేదు. లాన్‌కు వేసే నత్రజని ఎరువు దగ్గరికి రానివ్వకండి. ఏపుగా పెరిగిన మెత్తటి కొమ్మ చలికి ఆగదు.

ఫ్లవర్‌వాజులో పెట్టుకునే రెమ్మలు చలికాలం మొదట్లో, ఆకు గట్టిపడ్డాక కోసుకోండి. వేసవి చిగురు నీళ్లలో పెట్టినా తల వాల్చేస్తుంది. ఇంకొక్క మాట. మీ వైపు కొన్నిచోట్ల బంకమట్టి నేలలుంటాయి. చెట్టు ఇంటి గోడకు దగ్గరగా ఉంటే ఏటా కోసి చిన్నగానే ఉంచండి. పెద్ద చెట్టు నీళ్లు లాగేస్తే ఆ మట్టి కుంచించుకుపోయి పునాదికి ముప్పు.

ప్రశ్న: బెంగళూరులో మా గేటు పక్కన నిమ్మవాసన వచ్చే యూకలిప్టస్ ఉంది. రెండేళ్ల చెట్టు. తల ఎత్తులో రెండు కొమ్మలుగా చీలింది. పైన నరికి గుబురుగా చేయవచ్చా?

జవాబు: దయచేసి చేయకండి. పై సలహా మీ చెట్టుకు కాదు. దీని అందమంతా నున్నటి తెల్లటి మానులో ఉంది. తల నరికితే ఆ నరికిన చోట అతుకు బలం లేని కొమ్మలు గుంపుగా లేస్తాయి, పెద్దయ్యాక గేటు మీదే విరిగిపడతాయి. మీరు చూడాల్సింది ఆ చీలికను. రెండు కొమ్మల మధ్య బెరడు లోపలికి నొక్కుకుపోయి ఉంటే అది ఎప్పటికైనా చీలే చోటే. నిటారుగా ఉన్నదాన్ని ఉంచి, రెండోదాన్ని జనవరి, ఫిబ్రవరి పొడి రోజుల్లో సగానికి తగ్గించండి. వచ్చే ఏడాది అదే రోజుల్లో పూర్తిగా తీసేయండి. తీసేటప్పుడు మానుకు ఒరుసుకుని కోయకూడదు. కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే మెడను వదిలి, దాని బయట కోయండి. గాయం మాన్పే బెరడు అక్కడి నుంచే వస్తుంది.