మోకాలి ఆపరేషన్ తర్వాత జట్టులో చోటు మిగులుతుందా?

ప్రశ్న: మా పాపకు 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, సీఈసీ. స్పోర్ట్స్ హాస్టల్‌లో ఉండి హాకీ ఆడుతుంది, ఫార్వర్డ్. పోయినేడు రాష్ట్ర జూనియర్ జట్టుకు ఆడింది. మూడు నెలల కింద ప్రాక్టీస్‌లో మోకాలు తిరిగి లోపలి లిగమెంట్ (ఏసీఎల్) తెగింది. ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు నడుస్తుంది, మెట్లు ఎక్కుతుంది, నొప్పి లేదంటుంది. ఇంకో రెండు నెలల్లో సెలెక్షన్స్ ఉన్నాయి. కోచ్‌కు మోకాలు బెణికిందనే చెప్పాం. ఈ ఏడు ఆడకపోతే చోటు పోతుందని టెన్షన్‌గా ఉంది. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తుందనే ఇంతకాలం ఆటకు పంపాం. హాకీ ఆటగాడు సందీప్ సింగ్ తూటా తగిలినా తిరిగొచ్చాడు కదా? ఆట వద్దనుకుంటే హైదరాబాద్‌లో బీబీఏ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో వేయమని తెలిసినాయన అంటున్నాడు. ఆట, ఈ కోర్సు, మామూలు డిగ్రీ, మూడింటినీ పోల్చి చెప్పగలరు. (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: రెండు నెలల్లో ఉన్న ఆ సెలెక్షన్స్‌కు అమ్మాయిని పంపకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరు కబడ్డీ అంటారు, ఒకరు ఖోఖో అంటారు, అడిగేది మాత్రం చోటు గురించే. దాని వెనకాల ఇంకో భయం ఉంటుంది. ఆడపిల్లను చదువు మీద కాకుండా ఆటల్లో వేశారని చుట్టాలు ఏనాడో అన్న మాట ఇప్పుడు నిజమవుతుందేమోనని. అది నిజం కాదు. 17 ఏళ్లకే రాష్ట్రానికి ఆడిన పిల్ల మీ అమ్మాయి. మోకాలు తెగడం మీ తప్పూ కాదు, ఆమె తప్పూ కాదు. ఒకే ఆట ఆడే అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఈ లిగమెంట్ ఎక్కువగా తెగుతుంది. హాకీలో నడుము వంచి, మోకాళ్లు మడిచి, పరుగులో ఉండగానే ఆగి తిరగాలి. టర్ఫ్ మీద బూటు పట్టుకుపోయి ఒళ్లు మాత్రం తిరిగితే ఆ బరువంతా మోకాలి మీదే పడుతుంది.

ఇక చోటు సంగతి. రాష్ట్ర జట్టును ఏటా కొత్తగా ఎంపిక చేస్తారు. పోయినేడు ఆడినవాళ్లు కూడా ట్రయల్స్‌కు రావాల్సిందే. అంటే ఈ ఏడు మీ అమ్మాయి చోటులో ఇంకొకరు ఆడతారు, దాన్ని ఆపే దారి లేదు. కానీ జూనియర్ అంటే 19 ఏళ్ల లోపు. ఆమెకు ఇంకా వయసుంది, ఆ తర్వాత సీనియర్ ఉంది. పోయేది ఒక సీజన్, చోటు కాదు. ఈ ఒక్క సీజన్‌ను కాపాడుకుందామని కుంటి కాలితో దింపితే రెండూ పోతాయి.

ఫార్వర్డ్ కావడం వల్ల తిరిగి రావడం ఒక రకంగా తేలిక, ఒక రకంగా కష్టం. జట్టులో 18 మందిని తీసుకుంటే అందులో ఇద్దరు గోల్‌కీపర్లు పోను మిగిలినవాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు, వాటిలో ఎక్కువగా లోపలికీ బయటికీ తిరిగేది ఫార్వర్డ్‌లే. కాబట్టి గాయం నుంచి వచ్చిన ఫార్వర్డ్‌ను కోచ్ మొదట్లో కొద్ది నిమిషాల చొప్పున ఆడించి చూడొచ్చు. పెనాల్టీ కార్నర్‌లో బంతిని లోపలికి కొట్టే పని, గోల్ ముందు వచ్చే బంతిని స్టిక్‌తో దారి మళ్లించే డిఫ్లెక్షన్ పని బాగా వచ్చి ఉంటే ఆ పిల్లను బెంచీ మీదైనా ఉంచుకోవాలనిపిస్తుంది. కష్టమెక్కడంటే, ప్రత్యర్థి డిఫెండర్ మీదికి మొదట దూకాల్సింది ఫార్వర్డే. ఆ మొదటి నాలుగడుగుల వేగం తగ్గితే సెలెక్టర్లకు వెంటనే తెలిసిపోతుంది. దాన్ని దాచలేరు.

సందీప్ సింగ్ మాట తెచ్చారు. ఆయన 2006లో రైల్లో తూటా తగిలి, కోలుకుని, 2009లో భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు, నిజమే. కానీ ఆయన డిఫెండర్, పైగా పెనాల్టీ కార్నర్‌లో బంతిని స్టిక్‌తో లాగి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌లో ఆరితేరినవాడు. అలాంటి ఒక్క విద్య ఉన్నవాళ్ల కోసం జట్టు ఎదురుచూస్తుంది. మీ అమ్మాయికి దగ్గరగా ఉండేది రమణ్‌దీప్ సింగ్ కథ. ఆయనా ఫార్వర్డే. 2018 చాంపియన్స్ ట్రోఫీలో మోకాలికి దెబ్బ తగిలి, అదే ఏడాది ఆసియా క్రీడలకూ, భువనేశ్వర్ ప్రపంచకప్‌కూ దూరమయ్యాడు. 2019లో తిరిగొచ్చి దేశానికి ఆడాడు. అయితే టోక్యో ఒలింపిక్స్ జట్టులో ఆయన పేరు లేదు. తిరిగి రావడం ఉంటుంది, వచ్చాక పోటీ కూడా ఉంటుంది. రెండూ తెలిసి దిగితే మంచిది.

నొప్పి లేదంటుంది, మెట్లు ఎక్కుతుంది అని రాశారు. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ వాక్యమే. నాటు వేసిన నారు వారంలో పచ్చబడుతుంది, పట్టి లాగితే మాత్రం చేతిలోకి వచ్చేస్తుంది. ఆపరేషన్‌లో లోపల పెట్టిన లిగమెంట్ కూడా అంతే, నొప్పి పోయినంత తొందరగా అది గట్టిపడదు. ఆట మైదానానికి తిరిగి పంపడానికి కనీసం తొమ్మిది నెలలు ఆగమని చాలామంది నిపుణులు చెప్తారు. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల దాకా ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్లీ గాయపడే ముప్పు సుమారు సగం చొప్పున తగ్గుతూ వచ్చింది. 25 ఏళ్ల లోపు వయసులో తిరిగి ఆటకు వెళ్లినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఆ మోకాలో, రెండో మోకాలో మళ్లీ తెగుతుంది. మీరు పంపుతానన్నది అయిదో నెలలో. ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను ‘ఎప్పుడు ఆడొచ్చు’ అని మాత్రమే అడిగి ఊరుకోకండి. తొడ కండరం బలం రెండో కాలితో పోలిస్తే ఎంత వచ్చింది, ఒంటికాలి గెంతులో తేడా ఎంత అని అడగండి. రెండింటిలోనూ కనీసం 90 శాతం వచ్చేదాకా టర్ఫ్ మీద స్ప్రింట్లు, మలుపులు వద్దు. ఇంట్లో వేడినీళ్ల కాపడం, నూనె మాలీష్ పెట్టి ఇదే ఫిజియోథెరపీ అనుకునేవాళ్లున్నారు. సెలెక్షన్స్ ప్రయాణానికి పెట్టాలనుకున్న డబ్బు ఉంటే ఫిజియోకు పెట్టండి.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట. కోచ్‌తో బెణికిందని ఎందుకు చెప్పారు? ఆయన ఆ మాట నమ్మి, వచ్చిన మొదటి రోజే అందరితో కలిపి పరుగు పెట్టిస్తే ఎవరిది బాధ్యత? ఆపరేషన్ మచ్చ మోకాలి మీద ఉంటుంది, ఎన్నాళ్లు దాస్తారు? నిజం తెలిసిన కోచ్ ఆ పిల్లను మళ్లీ ఎప్పుడు చూడాలో గుర్తు పెట్టుకుంటాడు. అబద్ధం బయటపడ్డాక ఏ కోచ్ అయినా ఆమె పేరు మళ్లీ రాయడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. చోటు పోవడమంటే నిజంగా అదే. ఈ వారమే వెళ్లి, ఎంఆర్ఐ రిపోర్టు, డిశ్చార్జి కాగితం ఆయన చేతిలో పెట్టండి. హాస్టల్ సీటు ఉంటుందా, చికిత్స అయ్యేదాకా ఇంటి నుంచి పరీక్షలు రాయొచ్చా అన్నది కూడా అక్కడే రాతపూర్వకంగా అడగండి.

ఇంకొకటి. ఇంత ఉత్తరం రాశారు, అమ్మాయి ఏమంటుందో ఒక్క ముక్క లేదు. నొప్పి లేదంటుందని మాత్రం ఉంది. సెలెక్షన్స్ గురించి ఇంట్లో రోజూ మాట్లాడుకుంటుంటే ఏ పిల్ల నొప్పి ఉందని చెప్తుంది? మీరు పక్కకు తప్పుకుని, వాళ్లమ్మతోనో అక్కతోనో ఒకసారి అడిగించండి.

రైల్వే ఆశ తప్పేం కాదు. కాజీపేట పక్కన ఉన్నవాళ్లకు ఆ ఆశ లేకపోతేనే వింత. అయితే లెక్క తెలుసుకోండి. స్పోర్ట్స్ కోటాకు 18 ఏళ్లు నిండాలి. సాధారణంగా ప్రస్తుత ఆర్థిక సంవత్సరంలోనూ, అంతకుముందు రెండు సంవత్సరాల్లోనూ సాధించినవే లెక్కకు వస్తాయి. రాష్ట్రానికి ఆడితే చాలదు, చాలా పోస్టులకు నేషనల్స్‌లో స్థానం కావాలి. మార్కుల్లో ఆట ఘనతలకు 50, ట్రయల్స్‌లో చూపించే ఆటకూ ఫిట్‌నెస్‌కూ 40, చదువుకు 10. దీన్ని బట్టి, సగం మానిన కాలితో జూనియర్ సెలెక్షన్స్‌కు వెళ్లి సాధించేది ఏమీ లేదు. గట్టి మోకాలితో 19 ఏళ్లకు సీనియర్‌గా ఒక మంచి సీజన్ ఆడితే, ఉద్యోగం లెక్కలోకి వచ్చేది అదే.

ఇక ఆ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్. నాకు ఈ కోర్సు మీద చాలా అనుమానాలున్నాయి. ఈ మధ్య గాయపడిన పిల్ల ఉన్న ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు దీన్ని మోసుకొస్తున్నారు. ఆట పోయినా ఆటకు దగ్గరగా ఉంటుందని చెప్తారు, వినడానికి బాగుంటుంది. డిగ్రీ స్థాయిలో అక్కడ ఎక్కువగా నేర్పేది ఈవెంట్లు నడపడం, స్పాన్సర్లను తేవడం, మార్కెటింగ్. మన దేశంలో ఆటల్లో డబ్బున్నది ఎక్కువగా క్రికెట్‌లోనే. హాకీ ఇండియా లీగ్ సంగతే చూడండి: 2017లో ఆగిపోయి 2024 డిసెంబరు చివర్లో గానీ మళ్లీ మొదలవలేదు. మహిళల లీగ్ మొదటిసారి జరిగింది 2025 జనవరిలో, అదీ నాలుగు జట్లతో. హైదరాబాద్ పేరుతో పురుషుల జట్టు వచ్చిందని మనం సంబరపడ్డాం, మంచిదే. కానీ కొన్ని వారాల్లో ముగిసే లీగ్ ఒక ఆఫీసులో ఏడాది పొడుగునా ఎంతమందికి జీతమిస్తుంది? ఉన్న ఆ నాలుగు ఉద్యోగాలకూ పెద్ద సంస్థల్లో ఎంబీఏ చేసినవాళ్లు, అంతర్జాతీయ మ్యాచులు ఆడినవాళ్లు ముందుంటారు. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఆ పట్టా చూసి పిలిచే ఆఫీసు నాకైతే కనపడలేదు. అయినా వేయాలనుకుంటే, పోయినేడు బయటికొచ్చిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారో చూపించమనండి. ఇంటర్న్‌షిప్ ఫొటోలు కాదు, జీతం ఉన్న ఉద్యోగం. పట్టా ఏ యూనివర్సిటీ ఇస్తుందో అడగండి. మీకు చెప్పినాయనకు అడ్మిషన్‌కు ఎంత ముడుతుందో కూడా మొహమాటం లేకుండా అడగండి. డిగ్రీ అయ్యాక, తనకే ఆసక్తి ఉంటే, ఐఐఎం రోహ్‌తక్ లాంటి చోట పీజీ స్థాయిలో ఈ చదువు ఉంది. అప్పుడు చూసుకోవచ్చు.

పోల్చి చెప్పమన్నారు గానీ నిజానికి ఇవి మూడు దారులు కావు. మామూలు డిగ్రీ చదువుతూనే ఆట ఆడొచ్చు, డిగ్రీ ఆటకు అడ్డం రాదు. ఫిజియోథెరపీ చదివించమని కూడా ఎవరో ఒకరు అంటారు, దానికి బైపీసీ కావాలి, కాబట్టి మీకది లేదు. డిగ్రీ తర్వాత వ్యాయామ విద్యలో బీపీఈడీ చేస్తే బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు వెళ్లొచ్చు, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా ఉంది. వాటి ప్రవేశ పరీక్షల సంగతి మీ హాస్టల్‌లో ఎవరినడిగినా చెప్తారు. మోకాలు సహకరించక ఆట అక్కడితో ఆగినా రాష్ట్రానికి ఆడిన సర్టిఫికెట్ వృథా పోదు. దాన్ని లామినేట్ చేయించకండి, చాలాచోట్ల ఒరిజినల్ వెనకవైపు కూడా చూస్తారు. నిజామాబాద్ నుంచి వెళ్లి దేశానికి ఆడిన యెండల సౌందర్య పేరు మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. మన వైపు ఆడపిల్లలకు హాకీలో దారి లేదని చుట్టాలు ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి.

డిగ్రీ ప్రవేశాల కోసం ఆన్‌లైన్‌లో, దోస్త్‌లో, కాలేజీల ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇంటికి దగ్గరని పెట్టకుండా, ఫిజికల్ డైరెక్టర్ ఉన్న కాలేజీ, ఇంటర్ కాలేజియేట్ హాకీకి అమ్మాయిలను పంపే కాలేజీ ఏదో కనుక్కుని దాన్ని ముందు పెట్టండి. కాకతీయ యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే ఇంటర్ యూనివర్సిటీ పోటీలు ఆడొచ్చు, వాటికి 25 ఏళ్ల దాకా వయసుంటుంది. ఆ సెలెక్షన్స్ నాటికి మీ అమ్మాయి మోకాలికి తొమ్మిది నెలలు దాటుతాయో లేదో క్యాలెండర్ చూసి, ఫిజియోతో మాట్లాడి పెట్టుకోండి.