అమ్మలూకి, ట్రాక్టర్ బిల్లు కట్టే ముందు చదువుకోమని

అమ్మలూ,

నిన్న సాయంత్రం మీ నాన్న వచ్చి, పిట్స్‌బర్గ్‌లో కొన్న కొత్తింటికి నువ్వు గడ్డి కోసే ట్రాక్టర్ తీసుకుంటున్నావని, కూలీకి ఇవ్వకుండా నువ్వే ఎక్కి నడుపుతావని చెప్పాడు. మనింట్లో ఆడపిల్ల ట్రాక్టర్ స్టీరింగ్ పట్టుకోవడం ఇదే మొదలు, పొద్దున టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పేశాను కూడా. కానీ రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. నువ్వు పంపిన వీడియో మళ్ళీ పెట్టుకుని చూశాను. రెండెకరాల్లో సగానికి పైగా వాలు, అడుగున వాగు. నేనొచ్చినప్పుడు పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళావు కదా, ఆ రోడ్లు ఎక్కుతుంటేనే నాకు గుండె దడదడలాడింది. మన కోనసీమంతా చాప పరిచినట్టుంటుంది, మనకి తెలిసిన వాలు ఏటిగట్టు ఒక్కటే, ఆ ఒక్కటీ మన కొంపకి ఏం చేసిందో నీకు సగమే తెలుసు.

ముందు చిన్నవి చెప్పేస్తా. మంచు తడి ఆరాకే గడ్డి కొయ్యి. బూట్లు వేసుకో, చెప్పులతో ఎక్కకు. ఫోన్ జేబులో ఉంచుకో. పెట్రోల్ ఇంజన్ చల్లారాకే పొయ్యి. ఇవన్నీ నీకు తెలిసినవే.

బండి చూడబోయే ముందు వాలు కొలు. 10 అడుగుల తిన్నని కర్ర తీసుకుని ఒక కొస ఎగువన నేలకి ఆనించి, కర్ర మీద లెవెల్ పెట్టి అడ్డంగా సమంగా పట్టుకో, రెండో కొస నేలకి ఎంత ఎత్తులో ఉందో టేపుతో చూడు. 2 అడుగుల 8 అంగుళాలు వచ్చిందంటే అది సుమారు 15 డిగ్రీలు. ఇలాంటి బండ్ల మాన్యువల్స్ లో ఎక్కువగా రాసే హద్దు అదే. అంతకి మించిన చోట కూర్చుని నడిపే బండి వద్దే వద్దు, అక్కడ గడ్డి తీసేసి పొదలు పెట్టుకో, పొదలు పెరిగితే మట్టి కూడా జారదు. ఒక్క చోట కొలిచి ఊరుకోకు, వాగు వైపు వేరేగా కొలు, అదే నాకు భయం. ఆ వాగు అంచున బండి వెడల్పుకి రెండింతల జాగా కొయ్యకుండా వదిలెయ్. అంచు మట్టి పైకి గట్టిగా కనపడుతుంది, కింద నీళ్ళు కోసేసి ఉంటాయి.

ఇప్పుడు మీ నాన్న కాలు సంగతి. ట్రాక్టర్ పడి విరిగిందని నీకు తెలుసు, ఎలా పడిందో మేమెవరం చెప్పలేదు, మీ నాన్న ఎలాగూ చెప్పడు. 86 ఆగస్టులో గోదారి వచ్చి గట్లు నాని పాడైపోయాయి, మరుసటేడు ఎండాకాలంలో మళ్ళీ వరదొచ్చే లోపు మట్టి వేసి బలం చేసుకోవాలని ఊళ్ళో ట్రాక్టర్లున్న వాళ్ళమంతా తోలుతున్నాం. మీ నాన్నకి అప్పటికి పెళ్ళి కాలేదు, ఒంట్లో ఉడుకు. ఆ రోజు పొద్దున్నే చేలో దుక్కి దున్నాడు. దున్నేటప్పుడు మలుపు దగ్గర ఒక చక్రం ఆపి తిప్పడానికి పెద్ద ట్రాక్టర్‌కి కుడి బ్రేకు వేరే, ఎడమ బ్రేకు వేరే ఉంటాయి, రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడల్స్‌నీ క్లిప్పుతో కలిపెయ్యాలి. ఆ క్లిప్పు వెయ్యలేదు. దున్నిన బండికే తొట్టి తగిలించి, మట్టి నిండుగా ఎత్తించి, గట్టు ఎక్కే బాటలోకి తిప్పాడు, అదీ కింద చిన్న గేరు వేసుకోకుండా పై గేరులోనే. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. బాటలో సగం ఎక్కాక ఇంజన్ బరువుకి ఆగబోయింది. అప్పుడు గేరు మార్చడానికి క్లచ్ తొక్కాడు.

క్లచ్ తొక్కితే ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది కదా, మట్టి తొట్టి వెనక్కి లాగడం మొదలెట్టింది. కంగారులో బ్రేకు తొక్కాడు, కాలు ఒక్క కుడి పెడల్ మీదే పడింది. కుడి చక్రం బిగుసుకుపోయింది, ఎడమది తిరుగుతూనే ఉంది, బండి గిర్రున అడ్డం తిరిగింది, తొట్టి మడతపడి బండిని నెట్టింది, ట్రాక్టర్ పల్లపు వైపుకి ఒరిగిపోయింది. నేను అరిచానో లేదో కూడా గుర్తులేదు. దూకబోయాడు గానీ ఎడమ కాలు మోకాలి కింద మడ్‌గార్డ్ కింద ఇరుక్కుంది. వెదురు బొంగులు, గడ్డపలుగులు పెట్టి జనం ఎత్తారు. అప్పటికి ఎదుర్లంక వంతెన లేదు, కాకినాడ పోవాలంటే యానాం రేవులో పంటు దాటాలి, పంటు అవతలి ఒడ్డున ఉంది. అది ఇవతలికి వచ్చేదాకా వాడి తల నా ఒళ్ళోనే ఉంది, నొప్పికి అరవలేదు, "అన్నయ్యా, అమ్మకి చెప్పకు" అన్నాడు అంతే. నువ్వు చిన్నప్పుడు నాన్న నడకని అనుకరించి నవ్వేదానివి, మేం ఏమీ అనేవాళ్ళం కాదు.

నీ బండికి బ్రేకు పెడల్ ఒకటే ఉంటుంది, క్లిప్పు గొడవ లేదు, సరే. కానీ ఇలాంటి బండ్లలో మామూలుగా బ్రేకు వెనక చక్రాలకే పనిచేస్తుంది, తడి గడ్డి మీద ఆ చక్రాలు జారితే బ్రేకు తొక్కినా బండి ఆగదు. అందుకే వాలుకి నిలువుగా ఎక్కు, నిలువుగా దిగు, అడ్డంగా తోలకు, వాలు మధ్యలో తిప్పకు. దిగేటప్పుడు న్యూట్రల్ అనే మాటే వద్దు. హైడ్రోస్టాటిక్ బండి, అంటే గేర్లు మార్చే పని లేకుండా నూనె ఒత్తిడితో నడిచే బండి వెనక, తోసుకెళ్ళడానికి గేర్‌బాక్స్ విడదీసే లివర్ ఒకటి ఉంటుంది, అది గేర్‌బాక్స్‌ని కలిపి ఉంచే వైపే ఉందో లేదో ఎక్కే ముందు ప్రతిసారీ చూసుకో. ఏ వాలు కొయ్యొచ్చో తేలకపోతే బ్లేడు ఆపి రివర్స్‌లో ఎక్కించి చూడు, రివర్స్‌లో ఎక్కని వాలు కొయ్యకూడదు. ఇది అక్కడి మాన్యువల్స్ లోనే ఉన్న మాట.

ఇక ఏ బండి అంటే, నువ్వు చూపించిన, స్టీరింగ్ లేకుండా రెండు లివర్లతో తిప్పే జీరో టర్న్ బండి నాకు నచ్చలేదు. చదునులో చాలా బాగుంటుంది, ఎవరూ కాదనరు. కానీ రెండు లివర్ల బండికి ముందు చక్రాలు ఉత్తినే తిరుగుతాయి, తిప్పడమూ ఆపడమూ వెనక చక్రాలదే, అవి జారితే రెండూ ఒక్కసారే పోతాయి. స్టీరింగ్ ఉన్న బండే తీసుకో. అందులోనూ సేల్‌లో పెట్టిన 42 అంగుళాల లాన్ ట్రాక్టర్ ధర చూసి మురిసిపోకు. చవక బండ్లలో హైడ్రో గేర్‌బాక్స్ చిన్నది, సీలు చేసేసి ఉంటుంది, రోజూ వాలు ఎక్కిస్తే నూనె కాగి పల్చబడి లాగుడు తగ్గిపోతుంది, నూనె మార్చుకునే వీలు కూడా ఉండదు. షాపువాణ్ణి హెచ్‌పీ కాదు, గేర్‌బాక్స్ పేరు అడుగు. టఫ్ టార్క్ కె46 అన్నాడంటే అది తేలిక పనికి, నీ వాలుకి కాదు. గార్డెన్ ట్రాక్టర్ అని బరువు బండి వేరే ఉంటుంది, వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాక్ ఉన్నది దొరికితే మరీ మంచిది. ఇంజన్ రెండు సిలిండర్లది, ఆయిల్ పంపుతో నూనె కొట్టేది చూసుకో.

డబ్బు సర్దుబాటైతే ఇంకో మెట్టు పైకెళ్ళి, సీటు వెనక ఇనప కమ్మీ ఉన్న చిన్న ట్రాక్టర్ తీసుకో, కుబోటాలో బీఎక్స్ లాంటివి. బండి ఒరిగినా ఆ కమ్మీ మనిషిని కాపాడుతుంది, బెల్టు పెట్టుకుంటేనే. కమ్మీ లేని బండికి మాత్రం బెల్టు బిగించుకోకు. మీ నాన్న బండికి ఆ కమ్మీ లేదు. తక్కువపడితే నాకు చెప్పు, మీ పెద్దమ్మతో మాట్లాడాను, కొబ్బరి డబ్బులు ఉన్నాయి, మొహమాటపడకు.

టైర్లు నున్నగా కాకుండా గీతలు లోతుగా ఉన్నవి వేయించు. మనం పట్టు కోసం టైర్లలో నీళ్ళు పట్టిస్తాం, అక్కడ చలికి గడ్డకడతాయి కాబట్టి గడ్డకట్టని లిక్విడ్ పోస్తారు, లేదా చక్రాలకి ఇనప బరువులు బిగిస్తారు. వెనక గడ్డి సంచీ మాత్రం పెట్టించుకోకు, నిండాక ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి.

బాబు విషయం. నువ్వు ట్రాక్టర్ నడుపుతుంటే వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోటో దిగి పంపుతానన్నావంట. ఏం మాట అమ్మలూ అది, చదువుకున్నదానివి! మన దగ్గర పిల్లల్ని మడ్‌గార్డ్ మీద ఎక్కించుకు తిప్పుతారు, ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో నాకు తెలుసు. కింద బ్లేడు తిరిగే బండి అది. పదహారేళ్ళ లోపు పిల్లలు దాన్ని నడపకూడదు, ఏ వయసు పిల్లలైనా పక్కన ఎక్కకూడదు అని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమే చెప్తోంది. నువ్వు బండి స్టార్ట్ చేసే వేళకి వాడు ఇంట్లో, తలుపు వేసి, ఒక మనిషి దగ్గర ఉండాలి. అమ్మ ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తే పిల్లాడు, నువ్వు వెనక్కి వస్తున్నావో లేదో వాడికేం తెలుస్తుంది. సీట్లోంచి లేస్తే ఇంజన్ ఆగే స్విచ్, రివర్స్‌లో బ్లేడు ఆగే స్విచ్ ఉంటాయి, చిరాకేసి ఎవరితోనూ వాటిని తీయించకు. కోపంగా రాశాననుకోకు. నీ పెళ్ళికి ముందు రోజు ఏడవనివాణ్ణి ఈ ఫోటో మాట విని మీ పెద్దమ్మ ముందు ఏడ్చాను.

కొనేది రిపేరు కూడా చేసే డీలర్ దగ్గర కొను, ఇంటికొచ్చి వాలు మీద నడిపి చూపించమను. బండి వచ్చాక మొదట్లో బ్లేడు వెయ్యకుండా ఉత్తినే ఎక్కీ దిగీ అలవాటు చేసుకో. ఆ కర్ర కొలతలు, వాగు వైపుది కూడా, డబ్బు కట్టే ముందే నాకు వాట్సాప్‌లో పెట్టు. ఇక్కడ అర్ధరాత్రైనా పర్లేదు, మీ నాన్నని కూడా నిద్ర లేపుతాను, ఇద్దరం చూసి చెప్తాం.

మీ పెదనాన్న