సైటు మీదే, మరి తాళం ఎవరి దగ్గరుంది?

సైట్లూ ఫోన్ల గురించి మీ ప్రశ్నలతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మన కాలవల పక్క ఊళ్ల నించే. వాట్సాప్‌లో పెట్టొచ్చు కదండీ అని ఒకాయన్ని అడిగితే, లేదండి ఆయ్, పత్రికలో అయితే మా ఆవిడ కూడా చదువుద్ది, నేను చెప్తే నమ్మదు అన్నారు. సరే, ఆ ఉత్తరంతోనే మొదలెడదాం.

ప్రశ్న: మాది కడియం దగ్గర నర్సరీ అండి. ఆరేళ్ల కింద మా బంధువుల కుర్రాడు వెబ్‌సైట్ చేసిపెట్టాడు. దాన్ని చూసి బెంగళూరు నించి కూడా మొక్కలకి ఫోన్లు వచ్చేవి. పది రోజులుగా ఓపెన్ చేస్తే ఏవో యాడ్‌లున్న పేజీ వస్తోంది. కుర్రాడేమో హైదరాబాద్‌లో ఉద్యోగం, ఫోను ఎత్తట్లేదు. సైటు పోయినట్టేనా?

పోలేదండి, కంగారు పడకండి, కానీ ఆలస్యం మాత్రం చెయ్యకండి. సైటు అని మనం ఒక్క మాట అనేస్తాం గానీ అందులో రెండు వేరువేరు సరుకులుంటాయి. పేరు ఒకటి, దాన్ని డొమైన్ అంటారు, ఏడాదికింత అని కట్టి ఉంచుకోవాలి. మీ ఫోటోలూ రాతలూ పెట్టుకునే స్థలం ఇంకోటి, అది హోస్టింగ్, దానికి అద్దె వేరే. మీరు చెప్పిన లక్షణం చూస్తే డొమైన్ రెన్యువల్ మర్చిపోయినట్టుంది, గడువు దాటితే చాలా కంపెనీలు ఆ పేరు మీద యాడ్‌ల పేజీ పెట్టేస్తాయి.

ముందు గూగుల్‌లో హూఈజ్ లుకప్ అని వెతికి అందులో మీ సైటు పేరు కొట్టండి. ఏ కంపెనీలో కొన్నారు, గడువు ఎప్పటితో అయిపోయింది, ఇప్పుడు ఏ స్టేటస్‌లో ఉంది అన్నీ కనపడతాయి, ఓనరు పేరు మాత్రం ఈ మధ్య దాచేస్తున్నారు, అది కనపడకపోయినా పర్లేదు. డాట్ కామ్ అయితే గడువయ్యాక కంపెనీని బట్టి 45 రోజుల దాకా మామూలు రేటుకే రెన్యూ చేసుకోనిస్తారు, అన్ని కంపెనీలూ అన్ని రోజులివ్వవు. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ అని ఉంటుంది, అప్పుడు ఫైను గట్టిగా వాయిస్తారు. అదీ దాటితే 5 రోజులు పెండింగ్ డిలీట్, ఆ 5 రోజుల్లో దేవుడు దిగొచ్చినా రెన్యూ అవ్వదు, ఆ తర్వాత ఆ పేరు ఎవడు ముందు కొంటే వాడిది. డాట్ ఇన్ అయితే ఈ రోజుల లెక్క వేరే ఉండొచ్చు, కొన్న కంపెనీనే అడగండి.

ఇక కుర్రాడు. ఫోను ఎత్తకపోతే వాళ్లమ్మగారికి చెయ్యండి, మన వైపు అంతకన్నా గట్టి టెక్ సపోర్ట్ ఇంకోటి లేదు. దొరికాక తిట్టకండి, ఆరేళ్లు డబ్బులు అడక్కుండా కట్టుకొచ్చాడేమో కూడా, అది కనుక్కుని ముందు అది ఇచ్చేయండి. తర్వాత రెన్యూ చేయించి, అదే కంపెనీలో మీ జీమెయిల్‌తో మీరొక అకౌంటు తెరిచి డొమైన్‌ని అందులోకి మార్చమనండి. వేరే కంపెనీకి తెచ్చుకోవాలంటే ఆథ్ కోడ్, అంటే డొమైన్ మార్చుకోడానికి పాత కంపెనీ ఇచ్చే రహస్య కోడ్, అడగాలి. పాస్‌వర్డ్ చెప్పరా చాలు అని మాత్రం వదిలెయ్యకండి. పొలం మీరు దున్నుకుంటూ పాస్‌బుక్కు కౌలుదారు పేరు మీద ఉంచితే ఎలాగుంటదో ఇదీ అంతే.

నాకు తెలుసు ఎందుకంటే నేనూ మునిగాను. నా మొదటి సైటుకి డబ్బులు తీసుకున్న కంప్యూటర్ సెంటరాయన డొమైన్ తన ఈమెయిల్‌తో కొన్నాడు, తర్వాత సెంటరు ఎత్తేశాడు, ఆ పేరు ఇప్పుడు ఇంకెవరిదో. దాంతో అచ్చేయించిన విజిటింగ్ కార్డులు 500, వెనక వైపు ఖాళీ కదా అని మా ఇంట్లో చాలాకాలం పచారీ చీటీలు వాటి మీదే రాశారు.

ఇంకో మాట, హోస్టింగ్ కూడా పోయి మీ పేజీలు దొరకకపోతే వేబ్యాక్ మెషీన్ అని ఉంది, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లది, 1996 నించి ప్రపంచంలో సైట్ల కాపీలు దాస్తున్నారు. మీ అడ్రస్ కొట్టి చూడండి, మొక్కల పేర్లూ రేట్ల పేజీ అయినా దొరికితే మళ్లీ టైపు చేసే బాధ తప్పుద్ది.

ప్రశ్న: ఆత్రేయపురంలో పూతరేకుల షాపు మాది. మ్యాప్‌లో కాలవ అవతల చూపిస్తోంది, కారులో వచ్చినోళ్లు అక్కడ ఆగి ఫోన్ చేస్తున్నారు. నిన్న గూగుల్ నించి అని ఒకమ్మాయి చేసి 6,000 కడితే ఫస్టులో పెడతాం అంది. కట్టమంటారా?

కట్టకండి. మ్యాప్‌లో షాపు పెట్టుకోడానికి గూగుల్ పైసా తీసుకోదు, డబ్బులిస్తే పైకి జరపడమన్న పద్ధతే లేదు. యాడ్ ఇచ్చుకోవచ్చు, అది వేరే, దాని మీద స్పాన్సర్డ్ అని రాసే ఉంటుంది. మ్యాప్‌లో షాపు పెట్టుకునే ఈ ఫ్రీ పద్ధతి పేరు ఇప్పుడు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు. ఆ రోజుల్లో దాంట్లోనే ఒక ఫ్రీ వెబ్‌సైట్ కూడా ఇచ్చేవాళ్లు, అది 2024 మార్చిలో ఆపేశారు, మీ పాత కార్డుల మీద ఆ అడ్రస్ ఉంటే కొట్టెయ్యండి.

మీ షాపు పేరు వెతికితే వచ్చే డబ్బాలో ఇది మీ వ్యాపారమా అని ఉంటుంది, అది నొక్కి మీ జీమెయిల్‌తో తీసుకోండి. వేరేవాళ్లు ముందే తీసేసుకుని ఉంటే రిక్వెస్ట్ పెట్టొచ్చు, వాళ్లకి 3 రోజులు టైమిస్తారు. వెరిఫికేషన్‌కి ఎక్కువగా వీడియో అడుగుతున్నారు, చాలామంది ఇక్కడే తప్పుతున్నారు. షాపు లోపల నిలబడి స్వీట్లు చూపిస్తే సరిపోదండి. రోడ్డు మీద మొదలెట్టి, పక్క షాపు బోర్డూ వీధీ కనపడనిచ్చి, మీ బోర్డు దగ్గరికొచ్చి, షట్టర్‌కి మీరే తాళం తీసి లోపలికెళ్లి గల్లాపెట్టె దాకా ఒకే దమ్ములో ఆపకుండా తియ్యాలి. బయటివాడైతే తాళం తియ్యలేడు కదా, అదీ లాజిక్కు. ఓకే అయ్యాక ఎడిట్‌లో లొకేషన్ దగ్గర పిన్నుని వేలితో లాగి మీ గుమ్మం మీద పెట్టండి.

షాపు పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. పేరు పక్కన ఫేమస్, బెస్ట్, ప్యూర్ నెయ్యి అని తోరణం కడితే ప్రొఫైల్ సస్పెండ్ చేస్తారు. ఐదు స్టార్లిస్తే పావు కేజీ ఫ్రీ అనడం కూడా రూల్స్‌కి విరుద్ధం.

రేకు మెత్తబడిపోయింది అని రెండు స్టార్లు పెట్టినాయనకి ఏమనాలో తెలీట్లేదని రాశారు. ఉన్నదే చెప్పండి. వానాకాలం గాలి తగిలితే ఆ పల్చటి రేకు చెమ్మ పీల్చేస్తది, డబ్బా తెరిచాక మూత బిగించి పెట్టుకోండి, ఈసారి వచ్చినప్పుడు మా దగ్గర చెప్పండి అని రెండు వాక్యాలు చాలు. ఆ జవాబు ఆయన కోసం కాదు, తర్వాత చదివే వంద మంది కోసం. అన్నట్టు ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అనే ముద్ర, వచ్చింది కదా, ఆ సంగతి రాసుకోండి, జీఐ లోగో వాడాలంటే మాత్రం ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదయ్యి ఉండాలి.

ప్రశ్న: నరసాపురం వైపు లేసు అల్లుతాం అన్నయ్యా, మా పదిమందిదీ కలిపి నేనే అమ్ముతాను. కొత్త డిజైను అందరికీ ఒకేసారి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో పంపితే సగం మందికి అందట్లేదు. రేటెంత, సైజెంత అని రోజూ అదే అడుగుతారు, వంట కూడా చేసుకోనివ్వరు.

అందకపోవడానికి కారణం చాలా చిన్నది చెల్లెమ్మా. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్న వాళ్లకే వెళ్తుంది, ఒక్కో లిస్టులో 256 మంది దాకానే. కాబట్టి పార్సిల్‌లో ఒక చీటీ పెట్టండి, ఈ నంబరు సేవ్ చేసుకుంటే కొత్త డిజైన్లు వస్తాయి అని.

మామూలు వాట్సాప్ వాడుతుంటే బిజినెస్ యాప్‌కి మారండి, అదీ ఫ్రీయే. దాంట్లో క్యాటలాగ్‌లో 500 ఐటెమ్‌ల దాకా రేటుతో పెట్టుకోవచ్చు, అడిగినోళ్లకి లింకు పంపడమే. క్విక్ రిప్లై అని ఉంది, ఒకసారి రాసి దాచుకుంటే తర్వాత స్లాష్ కొట్టగానే మొత్తం జవాబు వచ్చేస్తది, కొరియర్ ఎన్ని రోజులు, డబ్బులెలా కట్టాలి లాంటివి అందులో పెట్టేయండి. లేబుల్స్‌తో డబ్బులొచ్చినవీ రానివీ వేరు చేసుకోండి, పదిమందికి పంచేటప్పుడు గొడవుండదు.

మీరు పంపిన ఫోటోలు చూశాను. పని ఎంత బావుందో ఫోటో అంత బాలేదు, ఏమనుకోకండి. తెల్ల లేసు తెల్ల దుప్పటి మీద పరిచారు, అల్లికలో కన్నాలు కనపడట్లేదు. ముదురు నీలం గుడ్డో నల్ల జాకెట్ ముక్కో కింద వెయ్యండి, పొద్దున్న ఎనిమిదింటికి కిటికీ పక్కన వెలుతురు ఒక పక్క నించి పడేలా పెట్టి ఫ్లాష్ ఆపి తియ్యండి, దారం పైకి తేలి కనపడుద్ది. అంచు మీద కుట్టు టేపు పెట్టి ఇంకోటి తీస్తే సైజెంత అనే ప్రశ్న ఇంక రాదు.

ప్రశ్న: అమలాపురంలో రిటైర్డ్ టీచర్ని. మా ఊరి సంగతులు ముప్పై దాకా రాసి అను తెలుగు ఫాంటులో టైపు చేయించాను. బ్లాగులో పేస్టు చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. డీటీపీ ఆయన ఫోటోలుగా పెట్టెయ్యమంటున్నాడు. యాడ్‌లు కూడా పెట్టుకోవచ్చంటారా?

ఫోటోలుగా మాత్రం పెట్టకండి మాష్టారూ. అలా పెడితే ఫోనులో చదవాలంటే జూమ్ చేసి అటూ ఇటూ జరుపుకోవాలి, గూగుల్‌లో వెతికినోళ్లకి దొరకడమూ కష్టమే. అను అన్నది ప్రెస్సు పనికి పుట్టింది, దాంట్లో కంప్యూటర్ దృష్టిలో ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఫాంటు వాటి మీద తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంటు లేని చోట ముసుగు తీసేసినట్టే. వెబ్‌కి కావాల్సింది యూనికోడ్, అంటే ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనపడే పద్ధతి. అను నించి యూనికోడ్‌కి మార్చే ఫ్రీ కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, మార్చాక మీరు ఒకసారి ఎర్ర పెన్ను పట్టుకుని దిద్దాల్సిందే, ఒత్తులూ కొటేషన్ గుర్తులూ అక్కడక్కడ జారతాయి. ఇంకోటి, ఫేస్‌బుక్ అనే మాట కొన్ని చోట్ల ఫేస్బుక్ అని స కింద బ వత్తు పడి వస్తది చూశారా, పొల్లు నిలబడాలంటే మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి ఉండాలి, మార్పిడిలో అది రాలిపోద్ది. అంతే, మీ కంప్యూటర్ తప్పేం కాదు. కొత్తవైతే ఫోనులో మైకు నొక్కి చదవండి, పాఠం చెప్పిన గొంతు కదా, తప్పులు తక్కువే పడతాయి.

గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో తెలుగు టైటిల్ పెడితే లింకులో ఉత్త బ్లాగ్ పోస్ట్ అని వచ్చేస్తుంది. పబ్లిష్ కొట్టక ముందే పక్కన పెర్మాలింక్ దగ్గర కస్టమ్ పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేరు రాయండి. టైటిల్ కూడా, మీరు పెట్టిన ‘ఆ కాళరాత్రి’ బావుంది గానీ ఎవరూ అలా వెతకరు. ‘1996 నవంబర్ 6 కోనసీమ తుఫాను, మా ఊరి కొబ్బరి తోటలు’ అని పెట్టండి, కాళరాత్రి మొదటి పేరాలోకి తెచ్చుకోండి.

యాడ్‌ల విషయం, తెలుగు సైట్లకి, యాడ్‌లు పెట్టి డబ్బులిచ్చే గూగుల్ వాళ్ల యాడ్‌సెన్స్ 2018 నించీ ఉంది. 10 డాలర్లు చేరాక మీ ఇంటికి పోస్టులో పిన్ నంబరు పంపుతారు, 100 డాలర్లు నిండితేనే బ్యాంకులో వేస్తారు. అడ్రస్‌లో వీధి పేరుతో పాటు ఏ గుడి పక్కనో అదీ రాయండి, పోస్ట్‌మ్యాన్‌కి తెలిసేలా. ఊరి కబుర్ల మీద మొదటి వంద డాలర్లకి చాలాకాలం పడుతుంది, పెన్షన్ ఉంది కదా, ఆ లెక్క పక్కన పెట్టి రాయండి. కానీ ఒకటి, రెండేళ్లు వాడకుండా వదిలేసిన గూగుల్ అకౌంట్లని 2023 డిసెంబర్ నించి తీసేస్తున్నారు, అకౌంటుతో పాటు అందులోని బ్లాగూ పోవచ్చు. అప్పుడప్పుడూ లాగిన్ అవ్వండి, సెట్టింగ్స్‌లో బ్యాకప్ దించి మీ అమ్మాయి కంప్యూటర్లో ఒక కాపీ ఉంచండి.

ప్రశ్న: భీమవరంలో రొయ్యల మేత షాపు. మిలిటరీ ఆఫీసర్నని ఒకడు ఫోన్ చేసి పెద్ద ఆర్డరిచ్చి, క్యూఆర్ పంపుతా స్కాన్ చెయ్యండి డబ్బులు పడతాయి అంటున్నాడు.

మిలిటరీకి రొయ్యల మేత ఎందుకండీ! డబ్బులు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, పిన్ అడిగిందంటే అది మీ ఖాతా లోంచి పోయేదే. ఇప్పటికే కొట్టేసుంటే ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. కొట్లో కుర్రాళ్లకి కూడా చెప్పండి, కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్ కాదు, మీ సౌండ్ బాక్సో బ్యాంకు మెసేజో పలికాకే బస్తా కదలాలి.

ప్రశ్న: రావులపాలెంలో టిఫిన్ హోటల్. యాప్ చేయించుకోమని ఒకాయన రెండు లక్షలు చెప్తున్నాడు.

వద్దు. పెసరట్టు తినడానికి ఎవరూ యాప్ వేసుకోరు. మ్యాప్‌లో టైమింగ్స్ సరిగ్గా పెట్టండి, మీ ఉత్తరంలో ఆదివారం సెలవని ఉంది, మ్యాప్‌లో తెరిచే ఉంటుందని చూపిస్తోంది.