షష్టిపూర్తి ప్రయాణం గురించి మా చెల్లెలి కూతురికి

బ్రాడీపేట, గుంటూరు

చిట్టితల్లీ,

షష్టిపూర్తి అయ్యాక అమ్మానాన్నల్ని బొంబాయి తీసుకెళ్ళి, తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్లో రెండు రాత్రులు ఉంచాలనుకుంటున్నావట కదా. మీ అమ్మ ఫోన్ చేసి, "అంత ఖర్చెందుకక్కా, నువ్వైనా దానికి చెప్పు" అంది. నేను చెప్పను. ఊరెళితే సత్రంలోనో చుట్టాలింట్లోనో దిగడం తప్ప వాళ్ళిద్దరికీ ఇంకోటి తెలియదు. తప్పకుండా తీసుకెళ్ళు. అయితే పెట్టిన డబ్బుకి తగ్గది వాళ్ళకి దక్కాలి, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు గది సంగతి. తాజ్ అంటే పక్కపక్కనే రెండు భవనాలు. గుమ్మటం ఉన్న పాతది 1903 డిసెంబరు 16న తెరిచారు. పక్కనున్న ఎత్తైన టవర్ 1973లో వచ్చింది. బుక్ చేసేటప్పుడు ప్యాలెస్ వింగా, టవర్ వింగా అన్నది చూసుకో. టవర్‌లో రేటు మామూలుగా కాస్త తక్కువ, గదులకీ వంక పెట్టేదేం ఉండదు. కానీ మీరు వెళ్ళేది ఆ పాత భవనం కోసం.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒకసారి పెళ్ళిరోజుకని నేనూ మీ పెదనాన్నా వేరే ఊళ్ళో ఒక పాతకాలపు హోటల్‌కి వెళ్ళాం. ఎత్తైన పైకప్పులు, చెక్క మెట్లు ఫొటోల్లో చూసి బుక్ చేసుకున్నాం. తీరా ఇచ్చింది వెనకాల కొత్త బ్లాకులో గది. కిటికీ తెర తీస్తే ఏసీ డబ్బాలు. "మార్చమని అడుగుదామా" అని ఆయన అంటే, మొహమాటపడి నేనే వద్దన్నాను. వచ్చేసే రోజు తెలిసింది, పాత భవనంలో గదులు ఖాళీగానే ఉన్నాయట, అడిగితే కొద్ది తేడాతో ఇచ్చేవాళ్ళట. ఆయన పోయాక ఆ రెండు రోజులు గుర్తొచ్చినప్పుడల్లా ఆ కిటికీయే కనిపిస్తుంది. నువ్వు మాత్రం అడుగు. బుక్ చేశాక ఫోన్ చేసి షష్టిపూర్తి అని చెప్పు, సముద్రం వైపు గది కావాలంటే ఎంత తేడానో కనుక్కో. గది లిఫ్టుకి దగ్గరగా ఉండాలని, స్నానానికి టబ్ కాకుండా నేలమీద నిలబడే షవర్ కావాలని చెప్పు. మీ అమ్మ మోకాళ్ళతో టబ్ అంచు దాటడం ప్రమాదం.

డబ్బు లెక్క. రోజుకి 7,500 దాటిన గదికి 18 శాతం జీఎస్టీ. అంటే గది 25,000 అని కనిపిస్తే చేతి నుంచి పోయేది 29,500. అందులో టిఫిన్ కలిసిందో లేదో ముందే చూసుకో, ముగ్గురికి విడిగా కడితే చాలా అవుతుంది. దిగగానే కార్డు మీద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు. డెబిట్ కార్డైతే అది వెనక్కి రావడానికి రోజులు పట్టొచ్చు, క్రెడిట్ కార్డు ఇవ్వు. గదిలో ఫ్రిజ్‌లో పెట్టినవి ముట్టుకునే ముందు ఏది ఉచితమో కనుక్కో. ముగ్గురి ఆధార్ కార్డులూ తీసుకెళ్ళు.

బెజవాడ నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ నేరుగా బొంబాయిలోని పెద్ద స్టేషన్ సీఎస్‌ఎంటీకే వెళుతుంది, అక్కడినుంచి హోటల్ దగ్గరే. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి, ఖాళీ చెయ్యాల్సింది పన్నెండింటికి. ముందే చేరితే సామాన్లు వాళ్ళకప్పగించి కింద కూర్చోవచ్చు.

ఇక అసలు సంగతి. బొంబాయి అంతా రెండు రోజుల్లో చూపించాలని తిప్పకు. ఎలిఫెంటా గుహలు ఈసారికి వదిలెయ్యి. పడవలో గంట, ఆపైన మెట్లు, సోమవారం సెలవు కూడా. హోటల్లోనే ఉండండి. మన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. ఈ భవనం దానికంటే యాభై ఏళ్ళకు పైగా పెద్దది. ఎదురుగా ఉన్న గేట్‌వే ఆఫ్ ఇండియా కూడా 1924లోగానీ పూర్తవ్వలేదు. అంటే ఇరవై ఏళ్ళు ఓడల్లో వచ్చేవాళ్ళకి ముందు కనిపించింది ఈ గుమ్మటమే. కట్టించిన జంషెడ్జీ టాటా తెరిచిన అయిదు నెలలకే, 1904 మే నెలలో పోయారు. మొదటి ప్రపంచయుద్ధంలో దీన్ని ఆసుపత్రిగా వాడారు. మీ నాన్నకి ఇలాంటివి వినడం ప్రాణం. అక్కడ దిగినవాళ్ళకి భవనం తిప్పి చూపిస్తారు, దిగిన రోజే సమయం కనుక్కుని పేర్లు చెప్పు. పెద్ద మెట్ల దగ్గర ఇద్దరినీ నిలబెట్టి, తలెత్తి గుమ్మటం లోపలి వైపు చూడమను.

లాబీలో 2008 నవంబరు ఉగ్రవాదుల దాడిలో అక్కడ చనిపోయిన 31 మంది పేర్లు చెక్కి ఉంటాయి. అతిథుల్ని కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న సిబ్బందివీ అందులో ఉన్నాయి. ఆ రోజుల్లో మీ నాన్న టీవీ ముందునుంచి లేవలేదు. ఆ పేర్ల ముందు ఆయన కాసేపు ఆగిపోతే తొందరపెట్టకు. దెబ్బతిన్న ఆ పాత భవనాన్ని బాగుచేసి, 2010 ఆగస్టు 15న మళ్ళీ తెరిచారు.

సాయంత్రం హోటల్లోనే సముద్రం వైపున్న సీ లాంజ్‌లో కిటికీ పక్క బల్ల ముందే చెప్పి ఉంచుకో. టీ తాగుతూ పడవల్ని చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. మీ అమ్మ పట్టుచీరల గురించి కంగారు పడుతోంది. మంగళగిరి నేత చీర చాలు, అదే ఆవిడకి హుందాగా ఉంటుంది. సామాను మోసిన అబ్బాయికి టిప్పు మీ నాన్న చేత్తో ఇప్పించు.

బిల్లు ముందురోజు రాత్రే తెప్పించి సరిచూసుకో, పొద్దున హడావిడిలో కుదరదు. మీ అమ్మ కంట మాత్రం పడనివ్వకు. గదిలోకి అడుగుపెట్టగానే నాకు వీడియో కాల్ చెయ్యి, ముందు కిటికీ చూపించు.

మీ పెద్దమ్మ