మోకాళ్ళ నొప్పుల మీద పరిశోధన అంటోంది మా అమ్మాయి... ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అమ్మాయి బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉంది. ఊళ్ళో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టిస్తామంటే వద్దంది. పరిశోధన చేస్తానంటోంది. మోకాళ్ళ నొప్పులతో వచ్చేవాళ్ళు ఆస్పత్రిలో నేర్పిన వ్యాయామాలు ఇంటికెళ్ళాక ఎందుకు మానేస్తున్నారో కనుక్కోవాలట. అదీ ఒక చదువేనా? దానికి జీతం ఎవరిస్తారు? ఒక కన్సల్టెన్సీ వాళ్ళేమో అమెరికాలో ఎక్సర్‌సైజ్ సైన్స్‌లో ఎంఎస్ చేస్తే అక్కడే ఫిజియోథెరపిస్టుగా స్థిరపడొచ్చంటున్నారు. నలభై లక్షల దాకా అప్పు చేయాలి. పీహెచ్‌డీ దాకా వెళితే వయసు ముప్పై దాటుతుందని ఇంట్లో అందరికీ టెన్షన్. మీ సలహా చెప్పండి.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ముందు అప్పు సంగతి తేల్చేద్దామండీ, ఎందుకంటే అక్కడ మీకు చెప్పిన మాట నిజం కాదు. ఎక్సర్‌సైజ్ సైన్స్‌లో ఎంఎస్ మంచి చదువే. కానీ అది చదివినంత మాత్రాన అమెరికాలో ఫిజియోథెరపిస్టు కాలేరు. ఆ వృత్తి చేయాలంటే అక్కడ డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) అనే మూడేళ్ళ కోర్సు చదవాలి. మనలా బయటి దేశంలో చదివినవాళ్ళయితే తమ డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమేనని మదింపు చేయించుకోవాలి. ఆ తర్వాత ఎన్‌పీటీఈ అనే పరీక్ష పాసై, పనిచేయబోయే రాష్ట్రం నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. ఆ మదింపులో చూసేది మీ అమ్మాయి ఫిజియోథెరపీ చదువునే. ఎంఎస్ ఎక్సర్‌సైజ్ సైన్స్ ఆ లైసెన్సు తెచ్చిపెట్టదు. ఇంకో మాట, డీపీటీ పేరులో డాక్టరేట్ అని ఉన్నా అది రోగులకు చికిత్స చేసేవాళ్ళ డిగ్రీ, పరిశోధన డిగ్రీ కాదు. కాబట్టి కన్సల్టెన్సీ వాళ్ళు చూపిస్తున్న దారి మీ అమ్మాయి కోరుకున్న చోటికీ చేర్చదు, మీరు ఆశపడుతున్న చోటికీ చేర్చదు. ఆ అప్పు కాగితాల మీద సంతకం పెట్టకండి.

అలాగని అమెరికా ఆలోచనే మానుకోమనడం లేదు. అక్కడి చాలా విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ విద్యార్థులకు ఫీజు మాఫీ చేసి, క్లాసులు చెప్పినందుకో ల్యాబ్‌లో పనిచేసినందుకో నెలనెలా డబ్బు కూడా ఇస్తారు. నాలుగేళ్ళ తర్వాత, సొంతంగా చేసిన ఒకటి రెండు అధ్యయనాలు చేతిలో పెట్టుకుని ఆ దారిన వెళితే పొలం తాకట్టు పెట్టాల్సిన అవసరం రాదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. అదీ ఒక చదువేనా అని అడిగారు. మీ అమ్మాయి అడుగుతున్నది చాలా మంచి ప్రశ్న. ఇంటర్న్‌షిప్‌లో ఉండగానే ఇలాంటిది తట్టిందంటే రోగులను శ్రద్ధగా చూస్తోందన్నమాట.

ఒకప్పుడు గుండెపోటు వచ్చినవాళ్ళను వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. విశ్రాంతి మంచిదని అందరి నమ్మకం. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళను మూడు వారాలు మంచం మీదే ఉంచి, ముందూ తర్వాతా వాళ్ళ శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకోగలుగుతోందో కొలిచారు. ఆ శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. ముప్పై ఏళ్ళ వయసు తగ్గించిన దానికంటే ఆ మూడు వారాల పడక తగ్గించిందే ఎక్కువని తేలింది. ఈరోజు గుండె ఆపరేషన్ అయిన మర్నాడే రోగిని లేపి నడిపిస్తున్నారంటే దాని వెనక ఇలాంటి పని చాలా ఉంది.

మీ అమ్మాయి ప్రశ్నకు ఇంకా దగ్గరగా ఉండే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళకు ఆస్పత్రి నుంచి వెళ్ళాక వ్యాయామాలు చేయించే దిక్కు చాలా ఊళ్ళలో ఉండదు. మరి ఇంట్లోవాళ్ళకే నేర్పి పంపిస్తే? ఎవరికైనా బాగుందనిపించే ఆలోచన ఇది. ‘అటెండ్’ అనే పేరుతో దేశంలోని 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులతో దీన్ని పరీక్షించారు. ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలన్నది లాటరీలాంటి పద్ధతిలో తేల్చారు. ఒక గుంపుకు మామూలు చికిత్స, రెండో గుంపుకు దాంతోపాటు కుటుంబ సభ్యులకు శిక్షణ. ఆరు నెలల తర్వాత లెక్క చూస్తే, చనిపోయినవాళ్ళు, ఒకరి మీద ఆధారపడి బతుకుతున్నవాళ్ళు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. తేడా లేదు. ఆ ఫలితాన్ని దాచకుండా 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు.

నాకు ఆ అధ్యయనమంటే చాలా గౌరవం. అది జరగకపోయి ఉంటే, ఏ ప్రభుత్వమో మంచి ఉద్దేశంతోనే కోట్లు ఖర్చుపెట్టి ఇదే పథకాన్ని ఊరూరా నడిపి ఉండేది. అలాంటి ఫలితం వచ్చాక ఎవరికైనా వచ్చే తర్వాతి సందేహం: ఇంటికెళ్ళాక అసలు ఆ వ్యాయామాలు ఎంతవరకు జరిగాయి? మీ అమ్మాయి నిలబడి ఉన్నది సరిగ్గా అక్కడే.

అయితే ‘ఎందుకు మానేస్తున్నారు’ అన్నది ఒకరి చేతిలో ఇమిడే ప్రశ్న కాదు. దాన్ని కోసి చిన్నది చేయాలి. మోకాలి అరుగుదలతో వచ్చినవాళ్ళలో ఆరు వారాల తర్వాత వారానికి మూడు రోజులైనా వ్యాయామం చేస్తున్నది ఎంతమంది? మానేసినవాళ్ళు చెప్పే కారణాలేమిటి? మొదటి వారంలో నొప్పి పెరిగిందని భయపడ్డారా? మోకాలే వంగని మనిషికి కింద కూర్చుని చేసే వ్యాయామం చెప్పి పంపారా? మీ పల్నాడులో అయితే మిరపకాయల కోతల్లో పడి తీరిక లేకపోయిందా? చేతికిచ్చిన బొమ్మల కాగితం ఇంగ్లీషులో ఉందా? ఇవన్నీ అడిగి రాసుకోవచ్చు. కాళ్ళలో బలం ఎంత వచ్చిందో చూడటానికి పెద్ద మెషీన్లు కూడా అక్కర్లేదు. 30 సెకన్లలో చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టే పరీక్ష ప్రపంచమంతా వాడుతున్నదే. దానికి ఒక కుర్చీ, ఒక స్టాప్‌వాచ్ చాలు. కానీ ఒక్క రోగిని అడగబోయే ముందు కూడా, రోగులకు అన్యాయం జరగకుండా పరిశోధనలను ముందే పరిశీలించే ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. రోగికి అర్థమయ్యే తెలుగులో విషయం చెప్పి సంతకం తీసుకోవాలి. ఈ రెండూ ఫార్మాలిటీ అని ఎవరైనా అంటే మీ అమ్మాయి వాళ్ళ మాట వినకూడదు.

చదువు విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేయించండి. రెండేళ్ళ కోర్సు, అందులో థీసిస్ ఉంటుంది. రేపు పరిశోధనలో ఇమడలేకపోయినా కాలేజీలో పాఠాలు చెప్పడానికీ, మీరు కోరుకున్న క్లినిక్‌కూ ఆ డిగ్రీ పనికొస్తుంది. పైగా రోగి మీద చేయి ఉన్న మనిషి వేసే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలు ఉన్నాయి. తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్ కూడా చూడండి. పెద్ద ఆస్పత్రిలోనే ఉన్న కోర్సయితే రోగుల కొరత ఉండదు.

ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) కూడా ఆలోచించదగ్గదే. మనుషులు ఒక అలవాటును ఎందుకు పట్టుకుంటారు, ఎందుకు వదిలేస్తారు అన్నది ప్రజారోగ్యం వాళ్ళు బాగా పట్టించుకునే విషయం. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, తిరువనంతపురం శ్రీచిత్రలోని అచ్యుత మేనన్ సెంటర్, చెన్నైలోని ఎన్ఐఈ (కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ నడిపే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ) దీనికి పేరున్నవి. క్రీడాకారుల వైపు మనసు పోతే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎంఎస్సీ ఉంది. కానీ ఆమె ప్రశ్న మోకాళ్ళది కాబట్టి ఎంపీటీ తర్వాతే ఇవి.

అమీర్‌పేటలో క్లినికల్ రీసెర్చ్ అని బోర్డులు చూసి ఎవరైనా మీకు ఆ మాట చెప్పొచ్చు. అది మందుల కంపెనీల ట్రయల్స్‌కు డేటా చూడటం, రికార్డులు తనిఖీ చేయడం, దుష్ఫలితాలు నమోదు చేయడం వంటి ఉద్యోగాలకు శిక్షణ. గౌరవమైన ఉద్యోగాలే. అయితే అక్కడ ప్రశ్న ఇంకొకరిది. మీ అమ్మాయికి తన ప్రశ్న తనకుంది.

కాలేజీ ఎంపికలో భవనాలు, ర్యాంకులు చూసి మోసపోకండి. థీసిస్‌కు దారి చూపే గైడ్ ఎవరన్నదే ముఖ్యం. అది తెలుసుకోవడానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. సీటీఆర్‌ఐ అని క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ ఉంది. 2007లో మొదలైంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే ట్రయల్‌ను అక్కడ నమోదు చేయాలి. మీ అమ్మాయిని కాలేజీ పేరు, గైడ్ పేరు కొట్టి చూడమనండి. ఆ గైడ్ దగ్గర ఏ అధ్యయనాలు జరిగాయి, ఎంతమంది రోగులతో, ఏం కొలవడానికి అన్నది కనిపిస్తుంది. ఆ తర్వాత అక్కడి సీనియర్లకు ఫోన్ చేసి, గైడ్ నెలకు ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడతారో అడగాలి. సిడ్నీ నుంచి నడిచే ‘పెడ్రో’ అనే ఉచిత డేటాబేస్‌లో ఫిజియోథెరపీ ట్రయల్స్‌కు పదికి ఇన్ని అని మార్కులు కూడా వేసి ఉంటాయి. అందులో మోకాలి అరుగుదల మీద వచ్చినవి ఇప్పటినుంచే చదవడం మొదలుపెట్టొచ్చు.

ఒక విషయంలో మాత్రం మీరిద్దరూ గట్టిగా ఉండాలి. థీసిస్ రాసిపెడతాం, డేటా కూడా మేమే తయారుచేస్తాం అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతారు. క్లాసులో సగం మంది అదే చేస్తున్నారని, టైమ్ లేదని ఒత్తిడి వస్తుంది. దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. కల్పించిన అంకెలు ఎక్కడో పేపరులో అచ్చవుతాయి. వాటిని నమ్మి ఇంకెవరో ఫిజియోథెరపిస్టు ఒక ముసలావిడ మోకాలికి చికిత్స చేస్తారు. వారంలో అచ్చు వేస్తాం, ఇంత కట్టండి అనే పత్రికలకు కూడా దూరంగా ఉండాలి. ఇరవై మంది రోగులతో నిజాయితీగా చేసి, తేడా ఏమీ రాలేదని రాసిన థీసిస్‌కు మంచి ఇంటర్వ్యూ బోర్డులో విలువ ఉంటుంది. కారణం, ఆ అమ్మాయి ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పగలదు.

జీతం ఎవరిస్తారంటే, మొదట్లో ఎక్కువగా ప్రాజెక్టులే ఇస్తాయి. ఉదాహరణకు హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో 1987లో ఒక అధ్యయనం మొదలైంది. కొన్ని ఊళ్ళలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది, మిగతా ఊళ్ళలో లేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళయ్యాక చూస్తే, ఆహారం అందిన ఊళ్ళవాళ్ళు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నారు, రక్తనాళాల బిగుతు తక్కువగా ఉంది. పోషకాహార సంస్థతో కలిసి ఆ కుటుంబాలను ఆ తర్వాత కూడా పరీక్షిస్తూ వచ్చారు. ఇలాంటి పనులకు ఇల్లిల్లూ తిరిగి తెలుగులో మాట్లాడి, బీపీ, నడక, కండబలం సరిగ్గా కొలవగలిగినవాళ్ళు కావాలి. మీ అమ్మాయికి ఆ చేయి ఉంది. ఎంపీటీ ప్రవేశాలకు ముందు గానీ, అయ్యాక గానీ ఒక ఏడాది ఇలాంటి ప్రాజెక్టులో పనిచేస్తే ఎండలో తిరగడం, ఫారాలు నింపడం, రెండోసారి వెళితే తలుపు తీయని ఇళ్ళు, అన్నీ అనుభవంలోకొస్తాయి. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే పీహెచ్‌డీకి పంపండి.

పీహెచ్‌డీ చేసేవాళ్ళకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ వస్తే, కేంద్రం 2023 జనవరి నుంచి అమలుచేసిన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, పైన ఇంటి అద్దె భత్యం. రాకపోతే చాలాచోట్ల పీహెచ్‌డీకి ఏమీ ఇవ్వరు. అందుకే ఫెలోషిప్పో, గైడ్ ప్రాజెక్టులో జీతమో ఖాయమయ్యేదాకా చేరవద్దు. ప్రాజెక్టు ఉద్యోగాలు కాంట్రాక్టువి, నిధులు అయిపోతే ఆగిపోతాయి. పర్మినెంటు సైంటిస్టు పోస్టులు తక్కువ. ఎక్కువమంది చివరికి కాలేజీలో పాఠాలు చెబుతూ, సాయంత్రం రోగులను చూస్తూ, మధ్యలో పరిశోధన సాగిస్తారు. ఇది మీరు ముందే తెలుసుకుని ఉండాలి.

వయసు గురించి: 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆడపిల్లలకు ఇంకో రెండేళ్ళ సడలింపు, 240 రోజుల దాకా ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. పెళ్ళి, చదువు రెండూ కలిసి నడవడానికి నిబంధనల్లో చోటుంది. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి వాళ్ళకు ఈ సంగతి మొదటి రోజే చెప్పండి, పెళ్ళయ్యాక కాదు.

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న పని ఇదీ: ఎన్ఐఈ వాళ్ళు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఆరోగ్య పరిశోధన ప్రాథమికాంశాల మీద ఆన్‌లైన్ కోర్సు నడుపుతారు. వినడం ఉచితం, పరీక్షకే ఫీజు. అందులో చేరమనండి. ఇంటర్న్‌షిప్ అయ్యేలోపు తన ప్రశ్నను ఒక పేజీలో తెలుగులోనే రాసి, విభాగాధిపతికి చూపించి, ఎథిక్స్ కమిటీకి పంపడానికి వీలవుతుందేమో అడగమనండి. ఆ పేజీని మీరూ చదవండి. మీకు అర్థం కాని చోట ఆమెను అడగండి. ఆమె మళ్ళీ రాస్తుంది.